గాయపడ్డ ఆటగాడి స్పాట్ ఎవరిది? సిమ్ బేస్‌బాల్ లీగుల్లో ఇంజర్డ్ లిస్ట్ లెక్కలు

క్లుప్తంగా: సిమ్యులేషన్ బేస్‌బాల్ లీగుల్లో గాయాల మీద నడిచే గొడవలు చాలావరకు గాయం గురించి కాదు, రోస్టర్‌లో, అంటే జట్టు ఆటగాళ్ళ జాబితాలో, ఆ ఒక్క స్పాట్ గురించి. మేజర్ లీగ్ (అమెరికాలో పై స్థాయి బేస్‌బాల్) గాయపడ్డవాళ్ళని పక్కన పెట్టడానికి పెట్టుకున్న 10, 15, 60 రోజుల అంకెలు రోజూ నిర్ణయాలు తీసుకునే జట్ల కోసం తయారైనవి. వారానికోసారి సిమ్ నడిచే లీగ్‌లోకి వాటిని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే 10 రోజులు 14 అవుతాయి, 15 రోజులు 21 అవుతాయి. కార్డ్ లీగుల్లో ఇబ్బంది వేరే రకం, అక్కడ ఒకే గాయానికి రెండుసార్లు మూల్యం కట్టాల్సి వస్తుంది.

అసలు ఈ రూల్ దేనికి

సిమ్ లీగ్ అంటే ఒక్కో జట్టుని ఒక్కో మనిషి జీఎంగా (జనరల్ మేనేజర్‌గా) నడుపుతాడు, మ్యాచ్‌లని మాత్రం కంప్యూటరో, పాచికలూ కార్డులో ఆడతాయి. కంప్యూటర్ వైపు అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్, డైమండ్ మైండ్ లాంటివి బాగా తెలిసినవి, టేబుల్ మీద ఆడేవాటిలో 1951లో వచ్చిన ఆప్‌బా, 1961లో వచ్చిన స్ట్రాట్-ఓ-మాటిక్ ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆట ఏదైనా గానీ రోస్టర్‌కి ఒక హద్దు ఉంటుంది, ఇంతమందినే పెట్టుకోవాలి అని.

ఆ హద్దు ఉంది కాబట్టే గాయం సమస్య అవుతుంది. హద్దు లేకపోతే మోకాలు పట్టేసిన షార్ట్‌స్టాప్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టి ఇంకొకణ్ణి తెచ్చుకుంటే అయిపోతుంది, ఎవరికీ అభ్యంతరం ఉండదు. 26 మందే ఉండాలి అన్నప్పుడు ఆడలేని మనిషి ఒక స్పాట్ తినేస్తున్నాడు, అలాగని వాణ్ణి వదిలేస్తే పక్క జట్టు ఎగరేసుకుపోతుంది. ఇంజర్డ్ లిస్ట్, అందరూ ఐఎల్ అనేది, సరిగ్గా ఈ మధ్యలో పుట్టింది: మనిషి మీద హక్కు పోదు, స్పాట్ మాత్రం ఖాళీ అవుతుంది. దానికి బదులుగా జట్టు ఒప్పుకోవాల్సిన షరతు ఒకటుంది, కనీసం ఇన్ని రోజులు వాణ్ణి వాడుకోకూడదు. ఈ కనీస రోజులు లేకపోతే ఐఎల్ అనేది ఉచితంగా దొరికే 27వ స్పాట్ అయిపోతుంది, ఇవాళ ఒకణ్ణి లోపల పెట్టి రేపు బయటికి తీస్తారు.

మేజర్ లీగ్ ఆ అంకెలకి ఎలా వచ్చింది

చాలా సిమ్ లీగులు రూల్ బుక్ రాసుకునేటప్పుడు మేజర్ లీగ్‌నే కాపీ కొడతాయి కాబట్టి అక్కడి లెక్క ఒకసారి చూడాలి. 2019 వరకు దీన్ని డిసేబుల్డ్ లిస్ట్ అనేవారు, ఆ ఏడాది పేరు మార్చారు. 2017కి ముందు కనీసం 15 రోజులు ఉండేది, 2017లో 10కి తగ్గించారు. తగ్గించగానే జట్లు, ముఖ్యంగా పిచ్చర్ల (బంతి విసిరేవాళ్ళ) విషయంలో, దాన్ని రోస్టర్ తిప్పుకునే పనిముట్టులా వాడడం మొదలుపెట్టాయి, మ్యాచ్ మొదలుపెట్టే స్టార్టింగ్ పిచ్చర్ ఐదు రోజులకోసారే ఆడతాడు కాబట్టి ఆఫ్ డేస్ చూసుకుని 10 రోజులు పక్కన పెడితే పోయేది ఒక స్టార్ట్ మాత్రమే, ఈలోపు ఒక స్పాట్ చేతికొస్తుంది. అందుకని 2022 నుంచి పిచ్చర్లకి, పిచ్చింగూ బ్యాటింగూ రెండూ చేసే టూ-వే ఆటగాళ్ళకి మళ్ళీ 15 రోజులు చేశారు, మిగతావాళ్ళకి 10 ఉంచారు. తలకి దెబ్బ తగిలితే విడిగా 7 రోజుల లిస్ట్ ఉంది, అది 2011 నుంచి.

దీని చుట్టూ ఇంకో మూడు ముక్కలున్నాయి, సిమ్ లీగుల్లో చాలామంది మర్చిపోయేవి ఇవే. ఒకటి, వెనక్కి లెక్కపెట్టడం: ఆటగాడు మ్యాచ్ ఆడకుండా ఉన్న రోజుల్లో గరిష్టంగా మూడింటిని ఐఎల్ రోజుల్లో కలుపుకోవచ్చు. రెండు, ఆప్షన్లు, అంటే ఆటగాణ్ణి వదులుకోకుండా కింది స్థాయి మైనర్ లీగ్‌కి పంపే హక్కు: అలా పంపిన పిచ్చర్‌ని మామూలుగా 15 రోజులు, బ్యాటర్‌ని 10 రోజులు గడిస్తే గానీ వెనక్కి పిలవకూడదు, కానీ ఎవరైనా ఐఎల్‌కి వెళ్తే వాళ్ళ బదులు వెంటనే పిలవచ్చు. అంటే ఐఎల్ స్పాట్ ఖాళీ చెయ్యడమే కాదు, మొన్ననే కిందకి పంపిన తాజా రిలీవర్‌ని (మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్‌ని) మళ్ళీ పైకి తెచ్చుకునే తాళం చెవి కూడా అదే. మూడు, రిహాబ్: కోలుకుంటున్నవాడు మైనర్ లీగ్‌లో ఆడుకోవచ్చు గానీ పిచ్చర్‌కి 30 రోజులు, బ్యాటర్‌కి 20 రోజులు మించకూడదు, ఆ తర్వాత నిర్ణయం తీసుకోవాల్సిందే.

ఈ నిబంధనలన్నీ ఒకదానికొకటి ఆసరాగా ఉన్నాయి. సగం తెచ్చుకుని సగం వదిలేస్తే మిగిలినవి వంకర్లు పోతాయి.

వారానికోసారి కదిలే క్యాలెండర్

ఆన్‌లైన్ సిమ్ లీగ్ మామూలుగా ఎలా నడుస్తుందంటే, జీఎంలందరూ లైనప్‌లూ మార్పులూ పంపిస్తారు, కమిషనర్ కొన్ని రోజుల మ్యాచ్‌లు ఒకేసారి నడిపిస్తాడు, కొత్త ఫైల్ పెడతాడు. ఈ కొన్ని రోజులు అనేది తరచుగా ఆటలోని 7 రోజులు ఉంటుంది. మేజర్ లీగ్ జీఎం పొద్దున్న లేచి ఎమ్ఆర్ఐ రిపోర్ట్ చూసి మధ్యాహ్నానికి మార్పు చేస్తాడు, సిమ్ జీఎం మాత్రం రెండో రోజు తగిలిన దెబ్బ గురించి ఏడో రోజు అయ్యాకే తెలుసుకుంటాడు.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేటగా కనిపిస్తుంది. బ్యాటర్‌కి 2వ రోజు దెబ్బ తగిలింది, 9 రోజులు అవుట్ అని వచ్చింది, అంటే 3 నుంచి 11 దాకా ఆడడు, 12వ రోజు ఫిట్. జీఎంకి ఇది 7వ రోజు అయ్యాక తెలిసింది. లీగ్‌లో వెనక్కి లెక్కపెట్టే వీలు లేదనుకుందాం. ఇప్పుడు 10 రోజుల ఐఎల్‌లో పెడితే 8 నుంచి 17 దాకా, 18వ రోజు బయటికి తీయచ్చు. కానీ 18వ రోజు అనేది సిమ్ మధ్యలో ఉంది, అప్పుడు ఎవరూ చెయ్యి పెట్టలేరు. 14వ రోజు తర్వాత ఫైల్ వచ్చినప్పుడు గడువు ఇంకా పూర్తవ్వలేదు, 21వ రోజు తర్వాత వచ్చే ఫైల్‌లోనే తీయగలడు, ఆడేది 22వ రోజు నుంచి. 12వ రోజుకే ఫిట్ అయినవాడు ఇంకో పది రోజులు ఊరికే కూర్చున్నాడు. 10 రోజుల ఐఎల్ అసలు లెక్కలో 14 రోజులు అయింది. అదే పిచ్చర్ అయితే 8 నుంచి 22 దాకా, 21వ రోజు తర్వాత ఒక్క రోజు తేడాతో వీలు పడదు, 29వ రోజు దాకా ఆగాలి, అంటే 15 కాస్తా 21.

ఇప్పుడు మూడు రోజులు వెనక్కి లెక్కపెట్టే నిబంధన కలిపి చూస్తే చిత్రం మొత్తం మారిపోతుంది. అదే బ్యాటర్ ఐఎల్ 5వ రోజు నుంచి మొదలైనట్టు, 14తో అయిపోతుంది, 15వ రోజు సిమ్ మొదట్లోనే తిరిగొస్తాడు. పిచ్చర్‌కి 5 నుంచి 19, తిరిగొచ్చేది 22. అంటే ఐఎల్‌లో పెట్టిన దగ్గర్నుంచి బ్యాటర్‌కి 7 రోజులు, పిచ్చర్‌కి 14 రోజులు. రూల్ బుక్‌లో ఒక్క వాక్యం ఉండడానికి, లేకపోవడానికి మధ్య పూర్తిగా ఒక వారం తేడా వస్తోంది. చాలా లీగుల్లో ఈ వాక్యాన్ని చిన్న విషయంలే అని వదిలేస్తారు.

ఇంతటితో అయిపోలేదు. వెనక్కి లెక్కపెట్టాలంటే ఆ రోజుల్లో ఆటగాడు ఆడకుండా ఉండాలి కదా. 4వ రోజు దెబ్బ తగిలిన బ్యాటర్‌కి 5 నుంచి లెక్క, 15వ రోజు వస్తాడు. 5వ రోజు తగిలితే 6 నుంచి లెక్క, 15తో గడువు, 16వ రోజు సిమ్ మధ్యలో పడింది కాబట్టి 22 దాకా ఆగాలి. దెబ్బ ఒక రోజు ఆలస్యంగా తగిలినందుకు జట్టు ఒక వారం నష్టపోతోంది. ఇందులో జీఎం తప్పు గానీ తెలివి గానీ ఏమీ లేదు, క్యాలెండర్ ఎక్కడ తెగుతుందో దాని మీద ఆధారపడిన అదృష్టం ఇది. దెబ్బ తగిలిన రోజు దాకా ఎంతైనా వెనక్కి వెళ్ళచ్చు అని రూల్ పెట్టినా ఈ 5, 6, 7 రోజుల వాళ్ళకి ఉపయోగం ఉండదు, ఎందుకంటే వాళ్ళకి వెనక్కి వెళ్ళడానికే రోజులు లేవు.

అందుకని 7 రోజుల సిమ్ నడిపే లీగ్‌కి సరిపోయే అంకెలు బ్యాటర్‌కి 7, పిచ్చర్‌కి 14. 8వ రోజు పెడితే 14తో అయిపోతుంది, 15న ఆడతాడు, దెబ్బ ఎప్పుడు తగిలిందన్నది లెక్కలోకే రాదు, వెనక్కి లెక్కపెట్టే తంటా కూడా పోతుంది. మూడు రోజుల సిమ్ అయితే 9, 15 పెట్టుకోవచ్చు. అవుట్ ఆఫ్ ద పార్క్ లాంటి వాటిలో రోస్టర్ నిబంధనలు లీగ్ సెటింగ్స్‌లోనే మార్చుకునే వీలుంది కాబట్టి ఇది అసాధ్యమైన పని కాదు. అసలు మేజర్ లీగ్ లాగా లేదు అనే అభ్యంతరం వస్తుంది గానీ, పైన చూసినట్టు పేరుకి 10 పెట్టి 14 వసూలు చెయ్యడం అంతకన్నా దూరం.

ఐఎల్‌లో పెట్టకుండా ఉంచేస్తే

పై ఉదాహరణలోనే ఇంకో దారి ఉంది, వాణ్ణి కదపకుండా వదిలెయ్యడం. అప్పుడు 8 నుంచి 11 దాకా నాలుగు రోజులు 25 మందితో ఆడాలి, 12వ రోజు ఫిట్ అవ్వగానే లైనప్‌లో పేరుంటే వాడే దిగుతాడు. బ్యాటర్ల విషయంలో ఇది చాలాసార్లు లాభం, బెంచ్‌లో ఒకడు తగ్గితే నాలుగు రోజుల్లో పెద్దగా ఏమీ మునిగిపోదు. పిచ్చర్ల విషయంలో అలా కాదు. 2022 నుంచి మేజర్ లీగ్‌లో 26 మందిలో పిచ్చర్లు 13 మించకూడదు, అది కాపీ కొట్టిన లీగ్‌లో ఒక రిలీవర్ పడిపోతే మిగతా వాళ్ళ మీద ఇన్నింగ్స్ పడతాయి, అలసట పెరుగుతుంది, సాఫ్ట్‌వేర్ అలసటని లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ఒక గాయం రెండో గాయానికి దారి తీసే ప్రమాదం కూడా ఉంటుంది.

ఇక్కడ అంచనా అనేది కూడా చూసుకోవాలి. కంప్యూటర్ ఆటల్లో ఇన్ని వారాలు అని వచ్చేది చాలాసార్లు ఒక రేంజ్, తిరగబెట్టడం కూడా జరగచ్చు. అవుట్ ఆఫ్ ద పార్క్‌లో ప్రతి ఆటగాడికీ గాయాల స్వభావం ఐరన్ మ్యాన్ (గాయాలు చాలా అరుదు) నుంచి రెక్డ్ (గాయాలు చాలా ఎక్కువ) దాకా మెట్లుగా ఉంటుంది. ఫ్రాజైల్ అని ఉన్నవాడి విషయంలో నాలుగు రోజులే కదా అని ఖాళీ స్పాట్‌తో లాగడం, డ్యూరబుల్ అని ఉన్నవాడి విషయంలో అదే పని చెయ్యడం, రెండూ ఒకటి కావు.

60 రోజులు, 40 మంది

పెద్ద గాయాల కథ వేరు. ఇక్కడ ప్రశ్న మ్యాచ్‌లకి సిద్ధంగా ఉండే 26 మంది గురించి కాదు, మైనర్ లీగ్‌లో ఉన్న కొందరిని కూడా కలుపుకునే 40 మంది రోస్టర్ గురించి. మామూలు ఐఎల్‌లో ఉన్నవాడు ఆ 40లో లెక్కకి వస్తూనే ఉంటాడు, 60 రోజుల లిస్ట్‌కి మారిస్తేనే అక్కడ కూడా స్పాట్ ఖాళీ అవుతుంది. అందుకే మేజర్ లీగ్‌లో 40 నిండి ఉంటేనే ఆ లిస్ట్ వాడనిస్తారు. ముందు 10 రోజుల లిస్ట్‌లో గడిపిన రోజులు ఈ 60లో కలుస్తాయి, మళ్ళీ మొదటి నుంచి కాదు, ఇది తెలియక మే నెలలో మార్చడానికి భయపడే జీఎంలు ఉంటారు.

సిమ్ లీగుల్లో ఎక్కువగా జారిపోయేది సీజన్ ముగిశాక జరగాల్సిన పని. వరల్డ్ సిరీస్ (ఫైనల్) అయిన ఐదు రోజులకి 60 రోజుల లిస్ట్ ఉండదు, అందులో ఉన్నవాళ్ళందరూ తిరిగి 40లోకి రావాలి, చోటు లేకపోతే ఎవరినో ఒకరిని వదులుకోవాలి. ఈ నిబంధన రాసుకోని లీగ్‌లో నలుగురైదుగురు పిచ్చర్లు మోచేతి ఆపరేషన్‌లో ఉన్న జట్టు చలికాలం అంతా 44, 45 మందిని దాచుకోగలదు, 40లో లేని కుర్రాళ్ళని వేరే జట్లు ఎంచుకుపోయే రూల్ 5 డ్రాఫ్ట్ నుంచి అంతమంది కుర్రాళ్ళని అదనంగా కాపాడుకోగలదు. గాయాలు ఎక్కువైన జట్టుకి లాభం రావడం అనేది రూల్ తలకిందులుగా పని చేస్తోందనడానికి గుర్తు.

రూల్ 5లో ఎంచుకున్న కుర్రాడి సంగతీ ఇలాంటిదే. వాణ్ణి సీజనంతా మేజర్ లీగ్ జట్టులోనే ఉంచాలి, లేకపోతే పాత జట్టుకి వెళ్ళే అవకాశం ఇవ్వాలి. అలాగని ఐఎల్‌లో సీజన్ గడిపేసి గండం గట్టెక్కుదామంటే కుదరదు, కనీసం 90 రోజులు యాక్టివ్ రోస్టర్ మీద ఉండాలి, తక్కువైతే ఆ షరతు తర్వాతి ఏడాదికి కొనసాగుతుంది. సిమ్ లీగ్‌లో ఈ 90 రోజుల ముక్క లేకపోతే ఏప్రిల్‌లో విరిగిన చెయ్యి ఒక వరం అవుతుంది.

తిరిగొచ్చే రోజు కూడా అంతే ఇరుకు. గాయపడ్డ రోజు ఎవరూ పోరు, కోలుకున్న రోజు ఎవరో ఒకరు పోవాలి. ఆప్షన్లు అయిపోయిన ఆటగాడు బదులుగా వచ్చి బాగా ఆడుతుంటే వాణ్ణి కిందకి పంపాలన్నా వేవర్స్ దాటాలి, అంటే ముందు మిగతా జట్లకి చూపించాలి, అక్కడ ఇంకో జట్టు పట్టుకోవచ్చు. అందుకే అనుభవం ఉన్న జీఎంలు బదులు మనిషిని తెచ్చుకునేటప్పుడే వాడికి ఆప్షన్ మిగిలుందా లేదా అని చూస్తారు, వాడి బ్యాటింగ్ అంకెలు రెండో విషయం.

కార్డ్ లీగుల్లో ఒకే గాయం రెండుసార్లు

కార్డులతో ఆడే లీగుల్లో ఆటగాడి కార్డు కిందటి నిజ సీజన్ నుంచి తయారవుతుంది. అక్కడ నిజంగా గాయపడి తక్కువ ఆడినవాడి కార్డు కూడా వస్తుంది, ఆ కొద్ది మ్యాచ్‌ల్లో వాడు ఎలా ఆడాడో అలాగే. 2021లో బ్యాటర్ మైక్ ట్రౌట్‌ని చూడండి, పిక్క కండరం దెబ్బతో 36 మ్యాచ్‌లే ఆడాడు, కానీ ఆ 36లో .333 సగటు, 8 హోమ్ రన్లు. అదే ఏడాది పిచ్చర్ జేకబ్ డీగ్రామ్ 15 స్టార్ట్‌లు, 92 ఇన్నింగ్స్, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన రన్లు) 1.08. ఈ కార్డులని 162 మ్యాచ్‌లూ వాడనిస్తే లీగ్ అక్కడితో అయిపోతుంది. అందుకే యూసేజ్ లిమిట్ పెడతారు: నిజంగా ఎన్ని ప్లేట్ అపియరెన్సులు (బ్యాటింగ్‌కి దిగిన సార్లు) ఉన్నాయో అన్నే, ట్రౌట్‌కి 146, లేదా లీగ్‌ని బట్టి పది శాతం ఎక్కువ, అంటే 160.

ఇంతవరకు న్యాయంగానే ఉంది. కానీ స్ట్రాట్-ఓ-మాటిక్ లాంటి ఆటల్లో బ్యాటర్ కార్డు మీద కూడా గాయం ఫలితం ఒక చోట రాసి ఉంటుంది, పాచికలు అక్కడ పడితే వాడు కొన్ని మ్యాచ్‌లు అవుట్. అంటే నిజ జీవితంలో తగిలిన దెబ్బకి 146 అని కోత ఒకసారి పడింది, ఆ 146 ఆడుతుండగా పాచికల దెబ్బ ఇంకోసారి. లిమిట్ ఉన్న చోట పాచికల గాయాన్ని ఆ మ్యాచ్ వరకే పరిమితం చెయ్యడం, లేదా గాయాలు పూర్తిగా ఉంచి లిమిట్‌ని కొంచెం వదులు చెయ్యడం, ఏదో ఒకటి ఎంచుకోవడం మేలు. రెండూ పూర్తి బలంతో పెట్టిన లీగుల్లో సెప్టెంబర్ నెల ఆడడానికి మనుషులు చాలక నిబంధనలకి మినహాయింపులు అడుక్కోవడం మొదలవుతుంది.

మొత్తం సీజన్ పోయినవాడికి అసలు కార్డే రాదు. టామీ జాన్ సర్జరీ, 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి చేసిన ఆ మోచేతి ఆపరేషన్, తర్వాత తిరిగి రావడానికి మామూలుగా ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది కాబట్టి ఏ నెలలో చేశారన్నది కార్డ్ లీగ్‌కి చాలా పెద్ద విషయం. గెరిట్ కోల్‌కి 2025 మార్చిలో ఆపరేషన్ అయింది, 2025 సీజన్ మొత్తం పోయింది, కాబట్టి ఆ సీజన్ మీద తయారైన సెట్‌లో పిచ్చర్‌గా వాడుకోవడానికి ఏమీ లేదు. ఏళ్ళ తరబడి ఆటగాళ్ళని అట్టిపెట్టుకునే కీపర్ లీగ్‌లో అతని జీఎం ఒక స్పాట్ ఏడాది పాటు ఖాళీగా మోయాలి, లేకపోతే వదులుకోవాలి. కార్డు లేనివాళ్ళ కోసం ఒకటో రెండో రిజర్వ్ స్పాట్లు విడిగా ఇవ్వడం ఇందుకే, అది 60 రోజుల లిస్ట్‌కి కార్డ్ లీగ్ రూపం. సంఖ్య మీద హద్దు మాత్రం తప్పనిసరి, లేకపోతే ఆపరేషన్ అయిన పిచ్చర్లని చవగ్గా కొని పోగేసుకునే జట్టు ఒకటి తయారవుతుంది.

షోహెయ్ ఓటాని లాంటి టూ-వే ఆటగాళ్ళకి ఈ రెండు పద్ధతుల్లో ఏదీ సరిగ్గా అతకదు. 2023 ఆగస్టులో మోచేతి లిగమెంట్ చిరిగినా బ్యాటింగ్ కొన్నాళ్ళు ఆపలేదు, 2024లో ఒక్క బంతి కూడా పిచ్ చెయ్యకుండా 54 హోమ్ రన్లు, 59 స్టోలెన్ బేస్‌లు. చెయ్యి గాయం అంటే మనిషి మొత్తం అవుట్ అని రాసుకున్న లీగ్ రూల్‌కి ఇలాంటి మనిషి పట్టడు, పిచ్చింగ్‌కీ బ్యాటింగ్‌కీ వేరువేరుగా రాసుకోవాలి.

దుర్వినియోగం ఎక్కడ సాధ్యం

మేజర్ లీగ్‌లో అనుమానం ఎప్పుడూ దొంగ గాయాల మీద ఉంటుంది, వీపు పట్టేసింది అంటే ఎవరు కాదనగలరు. కంప్యూటర్ సిమ్‌లో గాయాన్ని ఆటే నమోదు చేస్తుంది, జీఎం సృష్టించలేడు, అందుకే కనీస రోజులు తగ్గించినా ఇక్కడ ముప్పు తక్కువ. అసలు ముప్పు రెండో చివర ఉంది, కోలుకున్నవాణ్ణి బయటికి తియ్యకుండా ఐఎల్‌లోనే పార్క్ చెయ్యడం. రిహాబ్ గడువులు పెట్టిన కారణమే అది. లీగ్‌లో ఫిట్ అయిన తర్వాత ఒక సిమ్ లోపల యాక్టివేట్ చెయ్యాలి, లేకపోతే కమిషనర్ చేస్తాడు, చోటు కోసం ఎవరిని తీస్తాడో కూడా ముందే రాసి ఉంటుంది అని పెట్టుకుంటే వాదనలు చాలా తగ్గుతాయి. సెలవు మీద ఉన్న జీఎంని శిక్షించినట్టు అవుతుందనే మాట నిజమే, అయితే ఒక సిమ్ వెసులుబాటు ఉంది కదా.

జీతాల హద్దు ఉన్న లీగుల్లో ఇంకో మెలిక, ఐఎల్‌లో ఉన్నవాడి జీతం లెక్కలోకి వస్తుందా అని. మేజర్ లీగ్‌లో వస్తుంది, జీతాలు ఒక హద్దు దాటితే జట్టు కట్టే లగ్జరీ టాక్స్ లెక్కలో గాయానికి మినహాయింపు లేదు, సర్వీస్ టైమ్ (మేజర్ లీగ్‌లో ఉన్న రోజుల లెక్క) కూడా నడుస్తూనే ఉంటుంది, 172 రోజులైతే ఒక ఏడాది. సిమ్ లీగ్‌లో జీతం మినహాయిస్తే పెద్ద కాంట్రాక్ట్ ఉన్న ముసలి ఆటగాడు ఫిట్‌గా ఉండడం కన్నా గాయపడడం జట్టుకి ఇష్టమైపోయే పరిస్థితి వస్తుంది, కాబట్టి మినహాయించకపోవడమే సబబు.

ప్లేఆఫ్స్

చివర్లో వచ్చే గొడవ ప్లేఆఫ్స్. మేజర్ లీగ్‌లో ఆగస్టు 31 నాటికి 40 మందిలోనో 60 రోజుల లిస్ట్‌లోనో ఉన్నవాళ్ళకి నేరుగా అర్హత ఉంటుంది. సిరీస్ మధ్యలో గాయపడితే బదులు మనిషిని తెచ్చుకోవచ్చు, కానీ తీసేసినవాడు తర్వాతి రౌండ్‌లో కూడా ఆడకూడదు. సిమ్ లీగ్‌లో ఒక సిరీస్ మొత్తం ఒకే దెబ్బలో నడిపిస్తే ఈ బదులు మనిషి నిబంధన కాగితం మీదే మిగిలిపోతుంది, మొదటి మ్యాచ్‌లో క్యాచర్ పడిపోతే ఏడో మ్యాచ్ దాకా ఎవరూ ఏమీ చెయ్యలేరు. ప్లేఆఫ్స్‌లో రెండేసి మ్యాచ్‌లకి ఒకసారి ఫైల్ పెట్టే లీగులు ఈ చిక్కు నుంచి చాలావరకు బయటపడతాయి. కమిషనర్‌కి పని పెరుగుతుంది నిజమే, కానీ అక్టోబర్‌లో ఆ పని నెల రోజులే.